బండ కింది ఇసుక, సందులోని గడ్డి

మైపాడు బీచ్‌లో సాయంత్రం పూట చెప్పులు చేతబట్టుకుని నడిచేవాళ్ల పాదాలకు ఒక సంగతి బాగా తెలుసు. సరుగుడు తోపు దాటి పొడి ఇసుకలో దిగగానే కాలు చీలమండ దాకా కూరుకుపోతుంది. అలల దిక్కుగా ఇంకాస్త నడిస్తే, తడిసి ఆరీ ఆరనట్టున్న ఇసుక చప్టాలా గట్టిగా తగులుతుంది. కుర్రాళ్లు మోటారు సైకిళ్లు నడిపేది ఆ పట్టీ మీదే. ఇంకో నాలుగడుగులు వేసి, అల వెనక్కి లాగే చోట నిలబడితే మడమల కింద నుంచి ఇసుక జారిపోతుంది. మూడు చోట్లా ఇసుక ఒకటే, మారింది దాని మధ్యనున్న నీరు.

పొడి ఇసుకలో రేణువుకీ రేణువుకీ మధ్య రాపిడి తప్ప మరో బంధం లేదు. కొద్దిగా తడి తగిలితే రెండేసి రేణువుల నడుమ సన్నని నీటిపొర వంతెనలా నిలిచి, తలతన్యత వల్ల వాటిని దగ్గరికి లాక్కుంటుంది. పిల్లలు కట్టే ఇసుక గూళ్లు నిలబడేది ఈ లాగుడుతోనే. ఖాళీలన్నీ నీటితో నిండిపోయాయంటే ఆ లాగుడు మాయమై రేణువులు నీటితో పాటు కదలడానికి సిద్ధమవుతాయి. తడి ఇసుక మీద అడుగు వేసినప్పుడు పాదం చుట్టూ ఒక్క క్షణం తడి ఆరిపోయినట్టు తెల్లబడటం చాలామంది చూసే ఉంటారు. బరువు పడగానే రేణువులు ఒకదాన్నొకటి నెట్టుకుని ఎడం జరుగుతాయనీ, ఆ కొత్త ఖాళీల్లోకి పైనున్న నీరు దిగుతుందనీ ఆస్బార్న్ రెనాల్డ్స్ 1885లో వివరించాడు.

సముద్రపొడ్డున పది నిమిషాల నడకలో కనిపించే ఈ మూడు పట్టీలూ నెల్లూరు తీరంలో ఇంటి ముందు పరిచిన బండల కింద మూడు కాలాలుగా వచ్చిపోతుంటాయి. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు బండ కింది ఇసుక పొడిపొడిగా ఉంటుంది. వేసవి చివరి జల్లులకు కొంచెం తడిసి బిగుస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు వచ్చి, జిల్లాకు ఏడాదంతా పడే వానలో సగానికి పైగా ఆ మూడు నెలల్లోనే కుమ్మరిస్తాయి. అప్పుడు ఇసుక నీటితో నిండిపోతుంది. సంక్రాంతి నాటికి ముగ్గు వేయబోయిన ఇల్లాలి కాలి కింద ఒక బండ లొటలొటలాడుతుంది, ఇంకోటి ఒక మూల అంగుళం దిగి ఉంటుంది, సందుల్లో పచ్చగా గడ్డి లేచి ఉంటుంది.

సాధారణంగా అప్పుడు జరిగేది ఏమిటంటే, బండ పాడైందనుకుని కొత్త బండలకో టైల్సుకో ధర అడుగుతారు, గడ్డికి మందు అడుగుతారు. రెండూ దండగ ఖర్చే. వంకర పుట్టేది బండ కింద. గడ్డిలో అధిక భాగం వచ్చేది పైనుంచి. ఈ రెండు మాటలూ పట్టుబడితే చాలావరకు పని కూలి ఖర్చుతో, ఒక బండెడు ఇసుకతో తేలిపోతుంది.

ఈ తీరంలో పాత ఇళ్ల వాకిళ్లలో, బావి చుట్టూ, తులసికోట ముందు ఎక్కువగా కనిపించేది నాపరాయి. కడప బండ అన్నా చాలాసార్లు అదే. కొలిమిగుండ్ల, బనగానపల్లె, బేతంచెర్ల, ఎర్రగుంట్ల ప్రాంతాల గనుల నుంచి ఇది వస్తుంది. యాభై కోట్ల ఏళ్లకు పైగా కిందట, అక్కడొక లోతు తక్కువ సముద్రం ఉన్నప్పుడు, అడుగున సున్నపు బురద పొరమీద పొరగా పేరుకుని రాయైంది. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ 1872లో కడప, కర్నూలు శిలల మీద పెద్ద గ్రంథమే రాశాడు. ఈ సున్నపురాయిని భూవిజ్ఞానులు ఇప్పటికీ కడప జిల్లాలోని నార్జి అనే ఊరి పేరుతో పిలుస్తారు. పొరలుగా పేరుకుంది కాబట్టే గునపం మొన పెట్టి తట్టితే పొరలుగానే లేస్తుంది. రంపం తగలకముందే చదునుగా ఉండే రాయి దొరకడం వాకిళ్లకు కలిసొచ్చిన భాగ్యం.

ఆ రాయికి ఒక బలం, ఒక బలహీనత. మీద ఎంత బరువు పెట్టినా నలగదు, కానీ వంచితే విరుగుతుంది. కింద అంతటా ఇసుక ఆనుకుని ఉంటే బండి ఎక్కినా ఏమీ కాదు. మధ్యలో డొల్ల ఉంటే మాత్రం బండ వంతెనలా మారి, అడుగు పొర సాగి, నీళ్ల బిందె దించినప్పుడు కూడా పగలొచ్చు. వంపును తట్టుకునే శక్తి మందానికి వర్గంలో పెరుగుతుంది. అంగుళం బండ కంటే రెండంగుళాల బండ నాలుగింతలు ఓర్చుకుంటుంది. మందం పెంచితే ధర, మోత కూలి రెండూ పెరుగుతాయి. డొల్ల లేకుండా చూడటానికి మాత్రం ఓపిక ఒక్కటే ఖర్చు.

ఇంతకీ డొల్ల ఎలా పడుతుంది? తీరంలో కొత్త ఇంటికి ముందుగా చేసేది మెరక తోలించడం. ట్రాక్టర్లతో తెచ్చి పోసిన మట్టిని దిమ్మిస కొట్టకుండా, నీళ్లు పట్టకుండా పైన బండలు పరిస్తే, మొదటి ఈశాన్య వానకే అది కుదించుకుంటుంది. గోడ పక్కన తవ్వి పూడ్చిన కందకం వెంట బండలు వరసగా దిగడానికి కారణం అదే. ఇంకోటి వాన చూరు. డాబా గొట్టం నుంచి నీరు ఒకే చోట పడుతుంటే, సందులోంచి దిగి, సన్నని రేణువులను వెంటబెట్టుకుని వాలు ఉన్న దిక్కుకు పోతుంది. ఏ రోజూ గుప్పెడు మించి పోకపోయినా, మూడు నెలల్లో గంపెడు ఖాళీ అవుతుంది. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయి చెన్నై, విజయవాడల మధ్య రైళ్లు నిలిచిపోయాయి. వాకిట్లో బండ కింద జరిగేదీ అదే పని, కాకపోతే చాలా చిన్న కొలతలో, ఎవరి కంటా పడకుండా.

మూడోది అంచు. ఇసుకను కుప్పగా పోస్తే సుమారు 30 డిగ్రీల వాలుకు వచ్చి ఆగుతుంది, అంతకంటే నిటారుగా నిలవదు. బండపరుపు చివర అడ్డుకట్ట లేకపోతే, చివరి వరస బండల కింది ఇసుక పక్కకు జారి ఆ వాలు వెతుక్కుంటుంది. ముందు చివరి వరస వాలుతుంది, దాని వెనక రెండోది కదులుతుంది. ఇస్కపల్లి లాంటి, పేరులోనే ఇసుక వినిపించే ఊళ్లలో మేస్త్రీలు ముందుగా అంచున నిలువు రాళ్లు పాతడం ఊరికే కాదు.

తవ్వే జీవాల సంగతి వేరే చెప్పాలి. పందికొక్కు బండ చల్లదనం కింద గూడు పెట్టిందంటే రెండు మూడు బండలు ఒక్కసారిగా కూలబడతాయి. చీమలు ఒక్కొక్క రేణువే పైకి మోస్తాయి, సందు పక్కన అవి పోసిన చిన్న గుట్టలో ఎంత ఇసుక ఉందో బండ కింద అంత ఖాళీ ఉన్నట్టు లెక్క. చెట్లలో కొబ్బరినీ తాటినీ అనవసరంగా నిందిస్తారు. అవి గడ్డి జాతికి దూరపు చుట్టాలు. వాటి వేర్లు సన్నని పలుపుతాళ్లలా పుట్టి అదే లావున ఉండిపోతాయి. బండను ఎత్తేది వేప, రావి, కానుగ. వాటి వేరు ఏటేటా లావెక్కుతుంది.

బండలు దిగిపోవడం గురించి చార్లెస్ డార్విన్‌కు పెద్ద ఆసక్తి. ఇంగ్లండులోని కెంట్ ప్రాంతంలో తన ఇంటి పచ్చికలో 1843లో చిన్న పలకరాళ్లతో ఒక బాట వేయించాడు. వానపాములు సందుల్లోంచి మట్టి పైకి తెస్తూనే ఉన్నాయి, కలుపు లేస్తూనే ఉంది. కొన్నేళ్లు ఊడ్చి, పీకి, చివరికి తోటమాలి వదిలేశాడు. బాట కనిపించకుండా పోయింది. 1877లో పైనున్న పచ్చిక పొర తీసి చూస్తే, రాళ్లన్నీ ఎక్కడివక్కడే, ఒక అంగుళం మెత్తటి మట్టి కింద ఉన్నాయి. వానపాముల మీద 1881లో వచ్చిన ఆయన చివరి పుస్తకంలో ఈ కథ ఉంది. కలకత్తా వృక్షోద్యానంలో వానపాములు గోపురంలా పేర్చిన మట్టి బొమ్మ కూడా అందులో ఉంది. డార్విన్ బాట కథ నుంచి నెల్లూరు ఇల్లు పట్టుకోవలసిన ముక్క ఒకటే: ఊడ్చినన్నాళ్లూ బాట నిలిచింది. ఊడ్చడం మానాక పైనుంచి మట్టి చేరి దాన్ని మింగింది.

ఇక పని. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా అనువైన కాలం, అక్టోబరు లోపల ముగించాలి. ముందుగా కర్రతోనో గునపం మొదలుతోనో బండలన్నిటినీ ఒక్కొక్కటిగా తట్టి చూడాలి. నిండుగా ఆనుకున్న బండ మొద్దుగా మోగుతుంది, కింద ఖాళీ ఉన్నది కుండలా మోగుతుంది. మోగిన బండల మీద సుద్దతో గుర్తు పెడితే, చాలా వాకిళ్లలో విప్పవలసింది నాలుగో వంతు కూడా ఉండదని తేలుతుంది. పొదుపంతా ఈ అరగంటలోనే ఉంది. మొత్తం విప్పేద్దాం అనే మేస్త్రీ మాటకు ముందు ఈ తట్టే పని జరగాలి.

విప్పేముందు బండలకు సుద్దతో అంకెలు వేసి, ఫోనులో ఒక ఫొటో తీసుకోవాలి. పాత నాపరాళ్ల అంచులు ఒకదానికొకటి చెక్కి కుదిర్చినవి, వరస తప్పితే మళ్లీ కుదరవు. రెండడుగుల చదరం, అంగుళంన్నర మందం ఉన్న బండ 35 కిలోలు దాటుతుంది. నడుము వంచి ఎత్తే వస్తువు కాదది. ఒక అంచు కింద గునపం పెట్టి, చిన్న కర్రముక్కను ఊతంగా చేసి లేపి, నిలబెట్టి, మూలల మీద నడిపించాలి. బాగా పాత ఇంట్లోనో గుడి ఆవరణలోనో బండ తిరగేసినప్పుడు అడుగున అక్షరాలు కనిపిస్తే పని ఆపి తెలిసినవాళ్లకు చూపించాలి. నెల్లూరు జిల్లా రాతి శాసనాలను, రాగి రేకులను బటర్‌వర్త్, వేణుగోపాల చెట్టి 1905లో మూడు సంపుటాలుగా అచ్చు వేశారు. అంత శాసన సంపద ఉన్న నేల ఇది.

బండ లేచాక కనిపించే గుంటలో కొత్త ఇసుక పోసి మూసేయాలనే ఆత్రం పనికిరాదు. ఎందుకు గుంట పడిందో అది చూస్తేనే తెలుస్తుంది. కన్నం ఉంటే పందికొక్కు దారి, దానిని ఇటుక ముక్కలు, కంకరతో కూరాలి. ఒక దిక్కుకు కాలువ గీసినట్టుంటే నీటి దారి, చూరు గొట్టాన్ని పక్కకు మళ్లించకుండా బండ ఎన్నిసార్లు వేసినా ఒకటే. మెత్తటి మట్టి తగిలితే అది కుదరని మెరక. దాన్ని నాలుగంగుళాల లోతు తీసి, పగలగొట్టిన ఇటుకలు, కూల్చిన గోడల కంకర, రాతిపొడి కలిపి, రెండు పొరలుగా పోసి, నీళ్లు చల్లి దిమ్మిస కొట్టాలి. మూలలున్న ముక్కలు ఒకదానిలో ఒకటి ఇరుక్కుంటాయి. నునుపైన గుండ్రటి గులకరాళ్లు ఎంత కొట్టినా దొర్లుతూనే ఉంటాయి. అడుగున బంకమట్టి ఉన్న చోట, కంకరకూ మట్టికీ మధ్య పాత యూరియా గోతాలు విప్పి పరిస్తే రెండూ కలిసిపోవు. రోడ్ల కింద వేసే అల్లిక గుడ్డలూ చాలావరకు ఇదే పాలీప్రొపిలీన్. ఎండ తగలనంతకాలం అది చీకదు.

దాని పైన ఇసుక పరుపు, అంగుళం నుంచి అంగుళంన్నర. పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవున్న వాకిలికి అంగుళంన్నర మందాన 15 ఘనపుటడుగుల ఇసుక చాలు. ఇక్కడ ఒక జాగ్రత్త. చెమ్మగా ఉన్న ఇసుక ఉబ్బుతుంది. ఇందాకటి నీటి వంతెనలే రేణువులను దగ్గరగా సర్దుకోనివ్వవు. సన్న ఇసుకలో అయిదు శాతం తడి ఉంటే కొలత 30 శాతం దాకా పెరగొచ్చు. ఒక గాజు గ్లాసు నిండా ఆ ఇసుక పోసి, నీళ్లు నింపి కలిపి వదిలితే, ఎంత దిగిందో అంత ఉబ్బు. ట్రాక్టరు లెక్కన డబ్బు ఇచ్చేవాళ్లకు ఈ గ్లాసు పరీక్ష నిజంగా అక్కరకొస్తుంది.

సముద్రం పక్కనే ఉంది కదా, నాలుగు బస్తాలు అక్కడి నుంచి తెచ్చుకుంటే పోలేదా అనిపిస్తుంది. చట్టం ఒప్పుకోదు. తీర ప్రాంత నిబంధనలు బీచ్ ఇసుక తవ్వకాన్ని నిషేధించాయి, తుపాను రోజు ఊరికి అడ్డు నిలిచేది ఆ దిబ్బలే. వాకిలికీ అది మంచిది కాదు. అలలు అరగదీసిన ఆ రేణువులన్నీ ఇంచుమించు ఒకే సైజులో గుండ్రంగా ఉంటాయి, బిగుసుకోవు. పైగా ఉప్పు. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు దానంతటదే కరుగుతుంది, అంతకు తగ్గితే మళ్లీ గడ్డకడుతుంది. తీరంలో తేమ రోజూ ఆ గీతకు అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. రాయి రంధ్రాల్లోకి చేరిన ఉప్పునీరు అలా కరిగి, గడ్డకట్టి, ప్రతిసారీ లోపలి నుంచి కొద్దిగా నెడుతుంది. కొన్నేళ్లకు బండ ముఖం పొలుసులుగా లేస్తుంది. పెన్నా ఇసుక ఖరీదైతే కంకర క్వారీ రాతిపొడిలో ముతకది జల్లించి వాడుకోవడం మేలు.

మట్టం చూడటానికి లేజరు పరికరం అక్కర్లేదు. పది మీటర్ల పారదర్శకపు ప్లాస్టిక్ గొట్టంలో బుడగలు లేకుండా నీళ్లు నింపితే, రెండు కొసల్లోనూ నీరు ఒకే ఎత్తున నిలుస్తుంది. గోడ మలుపు తిరిగినా, మధ్యలో గొట్టం నేల మీద పడి ఉన్నా తేడా రాదు. మన తాపీ మేస్త్రీలందరికీ చేతిలో విద్య ఇది. రెండు కొసల దగ్గర మేకులు కొట్టి, ఇంటి నుంచి బయటి దిక్కుకు పదడుగులకు రెండంగుళాల వాలు వచ్చేట్టు ఒక దారం దించి కట్టాలి. అంటే అరవైకి ఒకటి. నడిచేవాళ్లకు తెలియదు, నీటికి మాత్రం దారి తెలుస్తుంది. రసమట్టం ఒక్కొక్క బండకు సరిపోతుంది గానీ వాకిలి మొత్తానికి దారమే సాక్షి.

రెండు సమానమైన గొట్టపు ముక్కలు ఇసుకలో పట్టాల్లా పెట్టి, వాటి మీద చెక్క బద్దను లాగితే పరుపు చదునవుతుంది. గొట్టాలు తీసిన గాడిలో ఇసుక నింపాలి. ఆ తరవాత దాని మీద కాలు పెట్టకూడదు. బండను నిలువునా దించి, కర్ర సుత్తితోనో, చెక్కముక్క అడ్డం పెట్టి మామూలు సుత్తితోనో నడిమి నుంచి అంచులకు తట్టాలి. ఒక చోట పల్లం ఉంటే బండ పూర్తిగా లేపి ఇసుక సరిచేయాలి. మూల కింద ఇంత ఇసుక కూరి సరిపెట్టడం, నాలుగు మూలలా నాలుగు సిమెంటు ముద్దలు పెట్టి బండ కూర్చోబెట్టడం కొందరికి అలవాటు. రెండూ డొల్లను చేజేతులా తయారుచేయడమే. ఆ నాలుగు ముద్దల మధ్యలోకి చీమలూ ఎలుకలూ ఎంత ఇష్టంగా వస్తాయో తరవాత తెలుస్తుంది.

చివరి మాట సందుది. ఇసుక పరుపు మీద పరిచిన బండలు వానకూ ఎండకూ వెంట్రుకవాసి కదులుతాయి. వాటి మధ్య గట్టి సిమెంటు పూస్తే, సిమెంటు కదలలేదు, పగులుతుంది. ఆ పగులు సన్నగా, తడిగా, నీడగా ఉంటుంది. కలుపు గింజకు అంతకంటే మంచి పొత్తిలి ఏం కావాలి? సందు రెండు మూడు మిల్లీమీటర్లే ఉంచి, ముతక రాతిపొడిని పొడిగా ఊడ్చి నింపి, తట్టి, మళ్లీ నింపడం చవకైన దారి. నీరు త్వరగా దిగిపోయి, గింజ నానే వీలు తగ్గుతుంది. వెడల్పు సందులున్న పాత వాకిళ్లలో సున్నం మేలు. పులికాట్ సరస్సు అడుగున పేరుకున్న గవ్వలను, నత్తగుల్లలను కాల్చి చేసిన గుల్ల సున్నం ఈ వైపు ఒకప్పుడు వాడుకలో ఉండేది. ఇసుకతో కలిపి గానుగ పట్టి, బెల్లపు నీరు, కరక్కాయ నీరు పోసేవారు. సున్నం సిమెంటు కంటే మెత్తన, కొద్దిపాటి కదలికకు ఒదుగుతుంది. వెంట్రుక పగుళ్లలోకి దిగిన నీటిలో సున్నం కరిగి, గాలి తగిలి తిరిగి గడ్డకట్టి, వాటిని కొంతవరకు తానే పూడ్చుకుంటుంది.

అయినా గడ్డి వస్తుంది. బండల కింద నల్ల పాలిథిన్ పట్టా వేస్తే రాదని చెప్పేవాళ్లు, గడ్డి కింది మట్టిలోంచి వస్తుందనుకుంటున్నారు. సందులో మొలిచిన మొక్కను వేరుతో సహా లాగి చూస్తే నిజం తెలుస్తుంది. దాని వేరు ఉన్నది సందులో చేరిన దుమ్ములోనే. గాలి తెచ్చిన ధూళి, రాలిన వేపపూత, ఊడ్చగా మిగిలిన చెత్త, కల్లాపిలోని పేడ కలిసి అక్కడ వేలెడు సారవంతమైన నేల తయారవుతుంది. గింజ కూడా గాలిలోనో చీమ నోట్లోనో పైనుంచే దిగుతుంది. పట్టా చేసేది నీటిని ఆపి ఇసుకను మూడు నెలలు నానబెట్టడం ఒక్కటే.

నేలలో అంతకుముందే పడి ఉన్న గింజలు లేవని కాదు. అమెరికాలోని మిషిగన్‌లో విలియం బీల్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1879లో 20 సీసాల్లో కలుపు గింజలు నింపి పాతిపెట్టాడు. కొన్నేళ్లకొకటి చొప్పున తీసి మొలకెత్తించి చూస్తున్నారు. 2021లో తీసిన సీసాలో, 142 ఏళ్ల తరవాత కూడా, కొన్ని గింజలు మొలిచాయి. ఇప్పుడు పీకకుండా వదిలిన ఒక్క మొక్క గింజ రాల్చిందంటే ఆ బాకీ మనవల దాకా సాగొచ్చు.

కలుపంతా ఒక కులం కాదు. నెల్లూరు వాకిట్లో మొదట కనిపించే పావిలి కూర ఒక్కో మొక్కకు వేల గింజలు రాలుస్తుంది. ఎండకు ఓర్చే రెండు వేర్వేరు కిరణజన్య పద్ధతులను అది ఒకే కణంలో కలిపి నడుపుతుందని 2022లో యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపారు. పీకి అక్కడే పడేస్తే మళ్లీ నాటుకుంటుంది. పప్పులో వేసుకుంటే సరి, మందులు చల్లని వాకిలి అయితే. గలిజేరు కూడా అంతే. వయ్యారిభామను మాత్రం పూత రాకముందే, చేతులకు తొడుగు వేసుకుని పీకాలి. దాని పుప్పొడి, ఆకు తగిలి దద్దుర్లు, ఉబ్బసం వచ్చేవాళ్లున్నారు. గరిక భూమి పైనా కిందా రెండు దారుల్లో పాకుతుంది, కణుపు ఆనిన చోటల్లా వేరు దిగుతుంది. వినాయక చవితికి వెతుక్కునే ఆ గడ్డిని అంచున ఒక పట్టీగా ఉండనిస్తే ఇసుకను పట్టి ఉంచుతుంది. అన్నిటినీ నిర్మూలించాలన్న పంతం లేకపోతే ఖర్చు సగం తగ్గుతుంది.

తుంగ ఒక్కటే నిజంగా కింద నుంచి వస్తుంది. ప్రపంచంలోని కలుపు మొక్కల మీద 1977లో వచ్చిన ప్రసిద్ధ గ్రంథం దీన్ని అన్నిటికంటే చెడ్డదానిగా మొదటి స్థానంలో నిలబెట్టింది. ఆయుర్వేదంలో తుంగముస్తలుగా వాడే ఆ వాసన గడ్డలే దాని బలం. మట్టిలో గొలుసులా ఒకదానికొకటి వేలాడుతుంటాయి. మొదటి గడ్డ మొలిచి ఉన్నంతకాలం తక్కినవాటిని నిద్రలోనే ఉంచుతుంది. పైన పీకి గొలుసు తెంపితే ఆ నిద్రపోయే గడ్డలన్నీ ఒక్కొక్కటిగా లేస్తాయి. ఒకటి పీకితే నాలుగొచ్చాయని పెద్దవాళ్లు విసుక్కోవడంలో అతిశయోక్తి లేదు. దాని మొలక కొన సూదిలా ఉండి నల్ల పట్టాను కూడా పొడుచుకుని వస్తుంది.

దీనికి నెల్లూరు ఎండే మందు. బండలు లేపిన వేసవిలో జానెడు లోతు తవ్వి, గడ్డలు ఏరి, బండ మీదే ఎండబెడితే అవి ఒరుగై చస్తాయి. నేలలో మిగిలినవాటికి సౌరతాపనం. ఇజ్రాయెల్‌లో యాకోవ్ కటాన్ బృందం 1976లో లోకానికి చెప్పిన పద్ధతి ఇది. నేలను బాగా తడిపి, సన్నని తెల్ల పారదర్శకపు పాలిథిన్ పరిచి, అంచులు మట్టితో మూసి, నాలుగు నుంచి ఆరు వారాలు వదిలేయాలి. ఎండ లోపలికి వెళుతుంది, వేడి బయటికి రాదు. పై పొర 50 డిగ్రీల దరికి చేరుతుంది. తడి ఉంటే వేడి లోతుకు దిగుతుంది, గింజలు కూడా మేల్కొని ఉడుకుతాయి. తుంగ విషయంలో పారదర్శకపు పట్టాకు ఇంకో సుగుణం ఉంది. చీకట్లోనే సూదిలా ఉండే మొలక, వెలుతురు తగలగానే ఆకు విప్పేస్తుంది. విప్పిన ఆకు పట్టాను పొడవలేదు, దాని కిందే మాడిపోతుంది. లోతున్న గడ్డలు కొన్ని బతుకుతాయి కాబట్టి రెండో వేసవికీ కొంత పని మిగులుతుంది.

చాలామంది చేసే పని వేరు. సందుల్లో రాళ్ల ఉప్పు చల్లుతారు. గడ్డి చస్తుంది, నిజమే, తరవాతి వానకు ఆ ఉప్పు బావిలోకీ కొబ్బరి మొదట్లోకీ పోతుంది, మిగిలింది బండను పొలుసులు రేపుతుంది. బాత్రూము యాసిడ్ పోస్తే నాపరాయి బుసబుసమని నురగ కక్కుతుంది. అది సున్నపురాయి, యాసిడ్ దాన్ని కరిగించేస్తోంది. నల్లగా నిగనిగలాడిన బండ ఒక్క సీసాతో బూడిదరంగుకు తిరుగుతుంది. కలుపు మందుల్లో పేరుమోసిన గ్లైఫోసేట్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో క్యాన్సర్ కలిగించే అవకాశమున్న వాటి జాబితాలో పెట్టింది. మన కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో దాని వాడకాన్ని పురుగు నియంత్రణ నిపుణులకే పరిమితం చేసింది. బండపరుపు మీద మందు కొట్టడంలో ఇంకో చిక్కుంది. పొలంలో మట్టి పీల్చుకుంటుంది, రాయి పీల్చుకోదు. మొదటి జల్లుకే మందు కాలవలోకి వెళుతుంది. నెదర్లాండ్స్ 2016లో రాతి, సిమెంటు పరుపుల మీద వృత్తిపరమైన కలుపుమందు వాడకాన్ని ఆపేసింది ఇలాంటి నీటి భయంతోనే.

పొయ్యి మీంచి దించిన మరుగునీళ్లు చాలు. రెండాకుల లేత మొక్క మీద పోస్తే కణాల పొరలు చితికి గంటల్లో వాడుతుంది. ముదిరిన మొక్కకు వేరు మిగిలిపోతుంది, దానికి బొరిగె పట్టాల్సిందే. అన్నిటికంటే శక్తిమంతమైనది మాత్రం పుల్లల చీపురు. రోజూ సందు వెంట గట్టిగా ఊడ్చే ఇంట్లో, మొలక వేరు దిగకముందే లేచిపోతుంది, దుమ్ము పేరుకోదు. తీరపు ఊళ్లలో తెల్లవారుజామున వాకిలి ఊడ్చే ఆడవాళ్ల పనిని ఎవరూ కలుపు నివారణ అని లెక్క కట్టరు. చేస్తున్నది అదే, డార్విన్ తోటమాలి మధ్యలో వదిలేసిన పని. బియ్యప్పిండి ముగ్గు చీమలకు విందు, వాటికి పెట్టే తిండి అది, మంచిదే. బండపరుపు మీద మాత్రం ముగ్గురాయి పొడితో వేసి, బియ్యప్పిండిని మట్టి నేల వైపుకు మార్చుకుంటే సందుల్లో వాటి తవ్వకం తగ్గుతుంది.

అక్టోబరులో మొదటి గట్టి వాన పడ్డాక, ఆగిన అరగంటకు గొడుగు పక్కనపెట్టి వాకిలి ఒకసారి చూడాలి. నీరు నిలిచిన బండల మీద గుర్తు పెట్టుకుని, ఫోనులో పాత ఫొటో పక్కన కొత్తది దాచుకోవాలి. కొత్త పరుపు మొదటి వానాకాలంలో ఎంతో కొంత కుదురుకుంటుంది, సందుల్లోని పొడి కూడా దిగుతుంది. జనవరిలో ముగ్గుల ముందు మళ్లీ ఒక తట్టెడు రాతిపొడి ఊడ్చి నింపి, ఊగిన ఒకటి రెండు బండలను మాత్రం లేపి సరిచేసుకోవాలి. గునపం, చెక్కముక్క, నీళ్ల గొట్టం అప్పటిదాకా చూరు కింద పెట్టి ఉంచుకుంటే చాలు.